వెన్నుపూసలు అరిగాయన్నారు: అమ్మగారిని పడుకోబెట్టాలా, నడిపించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 58 ఏళ్ళు, రెండేళ్ళుగా నడుం నొప్పి. ఎం.ఆర్.ఐ. రిపోర్టులో నడుం అడుగున ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే పూసల మధ్య డిస్కులు ఎండి ఉబ్బాయనీ, ఫాసెట్ జాయింట్లు అరిగాయనీ, ఎముక పెరిగిందనీ రాశారు. పది నిమిషాలు నిలబడితే పిరుదుల నుంచి తొడల దాకా బరువెక్కుతోంది, కూర్చుంటే తగ్గిపోతోంది. ఒక డాక్టరుగారు ఆపరేషన్ మాట ఎత్తారు, ఇంకొకరు బెల్టు పెట్టుకుని రెస్ట్ తీసుకోమన్నారు. మీరు భయపడి వంటపని మాన్పించారు, నేల మీద చాప వేసి పడుకోబెడుతున్నారు. మెడికల్ షాపులో తెచ్చిన నొప్పి మాత్ర మూడు నెలలుగా రోజూ వేసుకుంటున్నారు. బీపీకి కూడా మందులు వాడుతున్నారు. "పూసలు అరిగిపోయాక ఇంకేం చేయగలం?" అని అడిగారు.

చాలా చేయవచ్చు. నేను ఖమ్మంలో 23 ఏళ్ళుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పత్తి ఏరే ఆడవాళ్ళు, మిర్చి బస్తాలు మోసే హమాలీలు, లారీ డ్రైవర్లు, రోజంతా మిషను ముందు కూర్చునే టైలర్లు, అందరి నడుములూ చూశాను. మా అమ్మకీ ఇదే సమస్య. కాబట్టి తెలిసినంతా వివరంగా రాస్తాను.

ముందు భయపడాల్సినవేవో చెప్పేస్తాను, ఎందుకంటే అవి ఉంటే కింద నేను రాసిన వ్యాయామాలు పక్కన పెట్టాలి. మూత్రం రాక ఆగిపోవడం, లేదా తెలియకుండా పడిపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గిపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతుంటే అదీ ఆలస్యం చేసే విషయం కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే వెన్నుకు టీబీ గానీ మరొకటి గానీ ఉందేమో చూడాలి. మన దేశంలో వెన్ను టీబీ ఇంకా కనిపిస్తూనే ఉంది, దాన్ని అరుగుదల అనుకుని నెలల తరబడి నూనెలు రాసుకున్నవాళ్ళు నా దగ్గరకు వచ్చారు. పూర్వం క్యాన్సర్ వచ్చి ఉంటే, లేదా కాలు జారి కూలబడ్డాక కొత్తగా నొప్పి మొదలైతే, డాక్టరు మళ్ళీ చూడాల్సిందే. మెడ అరుగుదల ఉన్నవాళ్ళకు చొక్కా గుండీలు పెట్టుకోవడం, ముద్ద కలపడం కష్టమవుతున్నా, నడక తూలుతున్నా అది నొప్పి కన్నా పెద్ద సంగతి. వెన్నుపాము నొక్కుకుంటోందని అర్థం. మీరు రాసిన దాంట్లో ఇవేవీ లేవు. అయినా అమ్మగారిని నేరుగా అడగండి. మూత్రం గురించి ఆడవాళ్ళు కొడుకుతో చెప్పడానికి మొహమాటపడతారు, అవసరమైతే మీ అక్కచెల్లెళ్ళ చేత గానీ మీ ఆవిడ చేత గానీ అడిగించండి.

ఇక అసలు విషయం. "అరిగిపోయింది" అనే మాటే మనవాళ్ళకు సగం హాని చేస్తోందని నా నమ్మకం. ఆ మాట వినగానే మనసులో సైకిల్ బేరింగో, చెప్పు మడమో మెదులుతుంది. వాడితే ఇంకా అరుగుతుంది, కాబట్టి వాడకూడదు అనుకుంటాం. ఒళ్ళు యంత్రం కాదు. వాడకపోతే కండ కరిగిపోతుంది, వాడితే బలపడుతుంది. కీళ్ళకూ అంతే. వయసొచ్చిన డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్ళవు. కదలికల వల్ల ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉండడం దానికి పోషణ అందడానికి తోడ్పడుతుంది. పడుకోబెట్టి కాపాడుతున్నామనుకుంటే నిజానికి పస్తు పెడుతున్నట్టే.

లోపల ఏం జరిగిందో చెబుతాను. నడుములో ఐదు పూసలు. రెండు పూసల మధ్య ముందువైపు డిస్కు, మనవాళ్ళు గుజ్జు అంటారు. వెనకవైపు కుడి ఎడమల చిన్న చిన్న కీళ్ళు రెండు, అవే ఫాసెట్ జాయింట్లు. మూడు కాళ్ళ పీటను ఊహించుకోండి: ముందు ఒక కాలు, వెనక రెండు. వయసుతో పాటు డిస్కులో నీరు తగ్గి దాని ఎత్తు తగ్గుతుంది. ముందు కాలు పొట్టిదైతే బరువు వెనక కాళ్ళ మీదకు వస్తుంది కదా. ఆ చిన్న కీళ్ళు మోకాళ్ళలాంటివే. వాటికీ నున్నటి మృదులాస్థి, జిగురు ద్రవం, చుట్టూ పొర ఉంటాయి. బరువు పెరిగేసరికి మోకాలు అరిగినట్టే అవీ అరిగి, వాస్తాయి. బరువును ఎక్కువ జాగాలో పంచుకోవడానికి ఒళ్ళు అంచుల్లో ఎముకను పెంచుతుంది. వెనక పూసలను కలిపి పట్టి ఉంచే కట్టు, అంటే లిగమెంటు, కూడా మందమవుతుంది. ఇవన్నీ కలిసి నరాలు వెళ్ళే దారిని కొంచెం ఇరుకు చేస్తాయి.

ఇప్పుడు అమ్మగారి లక్షణం చూడండి. నిటారుగా నిలబడ్డప్పుడు నడుం కొద్దిగా వెనక్కి వంగుతుంది, ఆ దారి ఇంకా ఇరుకవుతుంది, కాళ్ళు బరువెక్కుతాయి. కూర్చున్నా, ముందుకు వంగినా దారి తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది. సూపర్ మార్కెట్లో ట్రాలీ మీద వాలి నడిస్తే ఎంత దూరమైనా నడవగలిగి, మామూలుగా నడిస్తే ఆగిపోయేవాళ్ళు వీళ్ళే. ఒక్క పరీక్ష మాత్రం చేయించండి. నడుస్తూ నడుస్తూ పిక్కలు పట్టేసి, కూర్చోకుండా ఊరికే ఆగి నిలబడితేనే తగ్గిపోతుంటే అది నరం సమస్య కాకపోవచ్చు, కాలి రక్తనాళం పూడుకుపోయి ఉండవచ్చు. షుగరు ఉన్నవాళ్ళలో, చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళలో ఇది ఎక్కువ. పాదం మీద నాడి అందుతోందో లేదో డాక్టరు చేత్తో చూసి చెప్పగలరు. ఆ ఒక్క నిమిషం పరీక్ష జరగకుండానే ఎం.ఆర్.ఐ.కి వెళ్ళినవాళ్ళను ఎందరినో చూశాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

రిపోర్టు సంగతికి వద్దాం. 2015లో ఒక అధ్యయనం వచ్చింది. నడుం నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్లను, అంతకుముందు వచ్చిన 33 పరిశోధనల నుంచి కలిపి చూశారు. నొప్పి లేని 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ళకు అది 96 శాతం. ఫాసెట్ కీళ్ళ అరుగుదల 20 ఏళ్ళకు 4 శాతం, 80 ఏళ్ళకు 83 శాతం. వీళ్ళెవరికీ నొప్పి లేదు! అంటే రిపోర్టులో ఉన్న పదాల్లో చాలావాటిని తల నెరిసినట్టు, చర్మం ముడతలు పడ్డట్టు చూడాలి. నొప్పి అబద్ధమని నేను అనడం లేదు. అమ్మగారి నొప్పి నిజమైనదే. కానీ రిపోర్టు ఎంత భయంకరంగా ఉంటే నొప్పి అంత ఉంటుందన్న లెక్క లేదు. అందుకే, అరుగుదల అలాగే ఉన్నా నొప్పి తగ్గే అవకాశం బాగా ఉంది. ఏడాది తర్వాత మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీస్తే అదే బొమ్మ కనిపించవచ్చు, అమ్మగారు మాత్రం గుడి మెట్లు ఎక్కుతూ ఉండవచ్చు.

పేర్ల గందరగోళం కూడా ఒకటుంది. మన దగ్గర మెడ నొప్పి, నడుం నొప్పి ఏదైనా "స్పాండిలైటిస్" అనేస్తారు. అమ్మగారిది స్పాండిలోసిస్, వయసుతో వచ్చే కీళ్ళ మార్పు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వేరే జబ్బు. సాధారణంగా 45 ఏళ్ళ లోపే మొదలవుతుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. పొద్దున లేచాక అరగంట దాటి, ఒక్కోసారి గంటపైన, వెన్ను బిగుసుకుపోయి ఉంటుంది, తిరుగుతుంటే తగ్గుతుంది. దానికి వేరే మందులున్నాయి, కీళ్ళవాతం చూసే డాక్టరు, అంటే రుమటాలజిస్టు చూడాలి. మీ ఇంట్లో కుర్రవాళ్ళకు ఎవరికైనా ఇలా ఉంటే "అమ్మ పోలికే" అని వదిలేయకండి.

మీది నల్గొండ జిల్లా పల్లె అని రాశారు కాబట్టి మరో మాట. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళలో ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగినవాళ్ళకు వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. ఎక్స్‌రేలో ఎముక మామూలు కన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది, లిగమెంట్లలో సున్నం పేరుకుంటుంది. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసిందే మన తెలుగు నేల నుంచి, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి. తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అమ్మగారు పుట్టిపెరిగిన ఊళ్ళో నీళ్ళెలాంటివో డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు చేయాల్సినవి. మొట్టమొదట, చాప మీద నుంచి మంచం మీదకు మార్చండి. గట్టి నేల మీద పడుకుంటే నడుముకు మంచిదని మనందరం చిన్నప్పటి నుంచి విన్నాం. 2003లో స్పెయిన్‌లో 313 మందితో పరీక్షిస్తే బాగా గట్టి పరుపు మీద పడుకున్నవాళ్ళ కన్నా మధ్యరకం పరుపు వాడినవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. కుంగిపోని మామూలు దూది పరుపు చాలు, వేలు పోసి కొనక్కర్లేదు. పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకోమనండి. వెల్లకిలా అయితే మోకాళ్ళ కింద దిండు. లేచేటప్పుడు ఒక్క ఉదుటున లేవకుండా పక్కకు తిరిగి, కాళ్ళు మంచం దించి, చేత్తో నెట్టుకుంటూ లేవాలి. నేల మీద నుంచి లేచే బాధ తప్పితేనే అమ్మగారికి పొద్దుటి నొప్పి కొంత తగ్గుతుంది.

బెల్టు తీసేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో బెల్టులు, ట్రాక్షన్ (నడుమును బరువులతో లాగి సాగదీయడం) మామూలుగా వాడవద్దనే చెప్పింది. దూరపు బస్సు ప్రయాణంలో ఒక పూట పెట్టుకుంటే నేను కాదనను. ఇంట్లో రోజంతా పెట్టుకుంటే అది చేసే పని మీద మనసు ఆధారపడిపోతుంది, బెల్టు లేకుండా వంగాలంటే భయం మొదలవుతుంది.

నడక అసలు మందు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరీక్షలో, నడుం నొప్పి తగ్గాక క్రమంగా నడక అలవాటు చేసుకున్నవాళ్ళకు నొప్పి తిరిగి రావడానికి సగటున 208 రోజులు పట్టింది, ఏమీ చేయనివాళ్ళకు 112 రోజులే. వాళ్ళు మొదటి రోజే అరగంట నడవలేదు. నెలల తరబడి పెంచుకుంటూ పోయారు. అమ్మగారికి పది నిమిషాలకు బరువెక్కుతోంది కాబట్టి ఆరు నిమిషాలకే ఆపాలి. ఇది ముఖ్యం. నొప్పి వచ్చేదాకా నడిచి ఆగితే, నడిస్తే నొప్పి వస్తుందనే మనసుకు తెలుస్తుంది. రాకముందే కూర్చుని, రెండు నిమిషాలు ముందుకు వంగి, మళ్ళీ ఆరు నిమిషాలు. పొద్దున ఇలా రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. వారానికి ఒక్కో నిమిషం పెంచండి. అరుగుల మీద కూర్చుంటూ వెళ్ళగలిగే వీధి ఎంచుకుంటే మంచిది. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడితే, చిన్న కూరగాయల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళమనండి. మా అమ్మ అలాగే మొదలుపెట్టింది.

వ్యాయామాలు నాలుగే చెబుతాను, ఎక్కువ చెబితే ఏదీ చేయరు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, నడుం కింద ఉన్న ఖాళీని పరుపుకు నొక్కి ఐదు లెక్కపెట్టాలి. అదే పడకలో ఒక మోకాలిని రెండు చేతులతో పొట్ట వైపు లాక్కుని కాసేపు ఉంచి, తర్వాత రెండోది. మూడోది, మోకాళ్ళు మడిచే ఉంచి పిరుదులు పైకెత్తడం. జానెడు లేచినా చాలు, ఊపిరి బిగబట్టకూడదు. నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, నిదానంగా కూర్చోవడం. కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి. ఒక్కోటి ఐదుసార్లతో మొదలుపెట్టి పదికి, పదిహేనుకు వెళ్ళాలి. తొడలు, పిరుదులు బలపడితే నడుం మీద భారం తగ్గుతుంది, కింద కూర్చుని లేవడం తేలికవుతుంది. చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికి మామూలైపోతే అది సరైన మోతాదు. మర్నాటికీ నొప్పి ఎక్కువగానే ఉంటే సంఖ్య సగానికి తగ్గించండి, మానేయకండి.

వీడియోల్లో నడుం నొప్పి అనగానే భుజంగాసనం చూపిస్తారు. డిస్కు జారి కాలు లాగే కుర్రవాళ్ళలో కొందరికి అది హాయినిస్తుంది. వెనక్కి వంగితే బరువెక్కే అమ్మగారిలాంటివాళ్ళకు మాత్రం మొదట్లోనే అది వద్దు. నడుం అందరికీ ఒకటే కాదు.

వంటపని ఎందుకు మాన్పించారో నాకు అర్థమైంది, ప్రేమతోనే. కానీ ముప్పై ఏళ్ళు వంటిల్లు నడిపిన మనిషిని ఉన్నట్టుండి మంచం మీద కూర్చోబెడితే, తాను పనికిరాకుండా పోయానన్న దిగులు పట్టుకుంటుంది. దిగులు, నిద్రలేమి నొప్పిని పెంచుతాయి, ఇది నేను రోజూ చూసే సంగతి. వంటిల్లు తిరిగి ఇచ్చేయండి, కొద్దిగా సర్ది. పొయ్యి దగ్గర నిలబడేచోట నేల మీద చిన్న పీట పెట్టి, ఒక కాలు దాని మీద వేసి, కాసేపటికి కాలు మార్చమనండి. నడుం ఒంపు తగ్గి ఎక్కువసేపు నిలబడగలుగుతారు. కూరలు తరగడం, పప్పు ఏరడం బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని. పొట్టి చీపురుకు బదులు పొడుగు కర్ర చీపురు. నిండు బిందె ఒకటి మోసే బదులు సగం నీళ్ళతో రెండుసార్లు, ఒంటికి దగ్గరగా పట్టుకుని. పూజకు కింద కూర్చోవడం ఇష్టమైతే ఎత్తు పీట మీద కూర్చోనివ్వండి.

మందుల గురించి నాకు నిజంగా ఆందోళనగా ఉంది. బీపీ ఉన్న మనిషి మూడు నెలలు రోజూ డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోవడం మంచిది కాదు. అవి బీపీని పెంచుతాయి, కడుపులో పుండు చేస్తాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. బీపీ మందుల్లో కొన్ని రకాలతో, ముఖ్యంగా నీరు పోయే మాత్రతో కలిస్తే కిడ్నీకి ముప్పు ఇంకా ఎక్కువ. ఈ వారంలోనే బీపీ చూపించి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి, మాత్రల చీటీలన్నీ డాక్టరు ముందు పెట్టండి. నొప్పి మరీ పెరిగిన రోజుల్లో, కొద్ది రోజుల పాటు, డాక్టరు చెప్పిన మోతాదులో అయితే ఆ మాత్రలకు ప్రయోజనం ఉంది. రోజూ మాత్రం వద్దు. వేడినీళ్ళ సంచి కాపడం నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు. షుగరు ఉండి స్పర్శ తగ్గినవాళ్ళయితే చర్మం కాలకుండా చూసుకోవాలి.

కీళ్ళ అరుగుదలకు మంచివని గ్లూకోసమైన్ మాత్రలు కొనమని ఎవరైనా అంటే, నార్వేలో 250 మంది నడుం అరుగుదల రోగులకు ఆరు నెలలు ఇచ్చి చూశారు, 2010లో ఫలితాలు వచ్చాయి, ఉత్తుత్తి మాత్ర కన్నా మేలేమీ కనిపించలేదు. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనండి. ఊళ్ళో పొట్లాలు కట్టి ఇచ్చే పేరులేని పొడులు రెండు రోజుల్లో నొప్పి మాయం చేస్తుంటే వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశముంది. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం గుర్తులు. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఉన్నట్టుండి ఆపడం కూడా ప్రమాదమే, డాక్టరు పర్యవేక్షణలో ఆపాలి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకోవడం మన పల్లెల్లో ఇంకా ఉంది. నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారి ఉండవచ్చు, ఒక్క తొక్కుకు పూస నలిగిపోవచ్చు. దయచేసి ఒప్పుకోకండి.

ఎముక గట్టిదనం ఎలాగూ ఒకసారి డెక్సా పరీక్షతో చూపించండి. అరుగుదల ఉన్న వెన్నులో పెరిగిన ఎముక వల్ల నడుం దగ్గర రీడింగు ఉన్నదానికన్నా బాగున్నట్టు వస్తుంది. కాబట్టి తుంటి దగ్గర రీడింగు ఎంతో ప్రత్యేకంగా అడగండి.

ఆపరేషన్ గురించి. అరిగినదాన్ని కొత్తది చేసే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ చేసేది నరానికి చోటు కల్పించడం. అందుకే కాళ్ళ బరువు, నొప్పి, బలహీనత బాగా ఉన్నవాళ్ళకు అది మేలు చేస్తుంది, ఒక్క నడుం నొప్పి కోసమే చేయించుకున్నవాళ్ళు చాలాసార్లు నిరాశపడతారు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేనప్పుడు కొన్ని నెలలు సరైన వ్యాయామం చేసి చూసే సమయం మీకుంది. ఆ తర్వాత కూడా నడక దూరం తగ్గుతూ వచ్చి, ఇంటి గుమ్మం దాటలేని పరిస్థితి వస్తే అప్పుడు ఆలోచించండి, తప్పేమీ కాదు. అప్పుడు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న: చోటు కల్పిస్తే చాలా, రాడ్లు, స్క్రూలు కూడా వేయాలా, వేయాలంటే ఎందుకు? 2016లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పరిశోధనలో, ఇలా దారి ఇరుకైనవాళ్ళకు రెండూ కలిపి చేసినా రెండేళ్ళ తర్వాత అదనపు మేలు కనిపించలేదు. పూసలు బాగా కదిలిపోతున్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకు స్క్రూలు అవసరం కావచ్చు. రెండో సర్జన్ అభిప్రాయం తీసుకోవడానికి మొహమాటపడకండి, మంచి సర్జన్లు దానికి నొచ్చుకోరు.

ఒక నోటు పుస్తకం పెట్టి రోజూ మూడే రాయండి: బరువెక్కకుండా ఎన్ని నిమిషాలు నడిచారు, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారు, రాత్రి నిద్ర పట్టిందా. నొప్పికి మార్కులు వేయమని రోజూ అడగకండి, అడిగినకొద్దీ దృష్టి దాని మీదే ఉంటుంది. మొదటి రెండు వారాలు పెద్ద తేడా తెలియదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నిమిషాల లెక్క పెరగడం మీకే కనిపిస్తుంది. మధ్యలో రెండు మూడు రోజులు నొప్పి తిరగబెట్టడం మామూలే, అప్పుడు నడక సగానికి తగ్గించి మళ్ళీ పెంచండి. క్రియాటినిన్ రిపోర్టు రాగానే, అమ్మగారు వాడే బీపీ మందుల పేర్లతో పాటు ఇక్కడ రాయండి. నోటు పుస్తకంలో ఆరు వారాల లెక్క చూశాక తర్వాతి వ్యాయామాలు చెబుతాను.